క్లబ్బులో ఎకో తీసేసిన శనివారం

సౌండు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను చూడగానే అడిగే మొదటి ప్రశ్న, ఏ మిక్సర్ కొనాలి అని. రెండో ప్రశ్న, బాక్సులు ఎన్ని వాట్లవి ఉండాలి అని. మాట ఎలా వినిపించాలి అని ఇంతవరకూ ఒక్కడు కూడా అడగలేదు. ఆ వయసులో నేనూ అడగలేదు కాబట్టి వాళ్లను తప్పు పట్టను.

నా పేరు శ్రీనివాసులు. కర్నూలులో మైకు శీనన్న అంటేనే నలుగురికీ తెలుస్తుంది. ముప్పై ఎనిమిదేళ్లు ఈ పని చేసి, మొన్నీమధ్యనే దుకాణం మా అల్లుడికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. పెళ్లిళ్లు, ఉరుసులు, తిరునాళ్లు, ఎన్నికల సభలు, కబడ్డీ పోటీలు, అన్నీ చేశాను. ఎన్ని సభలకు మైకు పెట్టాను, ఎవరెవరు శాలువా కప్పారు అన్నది ఇక్కడ రాయను. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు వల్ల ఒక ఆడపిల్ల నోరు మూతపడబోయింది. దాన్ని సరిదిద్దడానికి, అప్పటిదాకా నేర్చుకున్న పనిలో సగం వదులుకోవలసి వచ్చింది. అరవై దగ్గరపడ్డాక అలా వదులుకోవడం ఎంత కష్టమో మీకు ఇప్పుడే అర్థం కాదు. అయినా చెబుతాను.

మస్తాన్ సాబ్ పెట్టిన ఎర్ర చుక్క

నాకు పని నేర్పింది మస్తాన్ సాబ్. వన్‌టౌన్‌లో ఆయనకు చిన్న మైకు సెట్ దుకాణం ఉండేది. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. అయినా ఏ సభ మొదలుపెట్టినా ముందు ఆంప్లిఫయర్ ముందు ఊదుబత్తి వెలిగించి, నా చేత టెంకాయ కొట్టించేవాడు. ఇదేంది సాబ్ అని ఒకసారి అడిగితే, "కరెంటుకు మతం లేదు బేటా. షాకు అందరికీ కొడ్తాది" అన్నాడు.

చెవి మాత్రం దొడ్డది. దుకాణంలో కూర్చుని, వీధి చివర మోగుతున్న హారన్‌లో ఏ తీగ వదులైందో చెప్పేవాడు. వానొచ్చినా, జనం కొట్టుకున్నా, సభ మధ్యలో సెట్ విప్పుకుని పోయిన మనిషి కాదు. ఈ గుణం ఆయన దగ్గర నేర్చుకున్నందుకు ఇప్పటికీ గర్వపడతాను.

కానీ ఆయన నాకు ఇంకో రెండు నేర్పాడు. రెండూ తప్పే. మొదటిది, సౌండు పక్క ఊరికి వినబడాలన్నది. "మైకు పెట్టించినోని పరువు మన చేతిలో ఉండాది శీనా. పక్కూరోళ్లు లేసి కూర్చోవల్ల" అనేవాడు. రెండోది ఎకో. ఆంప్లిఫయర్ మీద ఎకో తిప్పే మీట పక్కన, గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టాడు. మీట ఎప్పుడూ ఆ చుక్క దగ్గరే ఉండాలి, కిందికి దించకూడదు. ఎకో పెడితే పీల గొంతు కూడా గంభీరంగా మారుతుంది. ప్రతి నాయకుడూ గుళ్లో దేవుడు మాట్లాడినట్టు మాట్లాడతాడు. చౌక మైకుల లోపాలన్నీ అందులో కలిసిపోతాయి. పెళ్లివాళ్లకు సంతోషం, నాయకులకు సంతోషం, మాకూ సంతోషం.

తర్వాత నేను ఎన్ని మిక్సర్లు మార్చినా, కొత్తది రాగానే మొదట చేసిన పని ఆ చుక్క పెట్టడమే.

మంగంపేటలో వినని మాట

ఒకసారి మంగంపేట ముగ్గురాళ్ల గనుల దగ్గర కార్మికుల సభకు సెట్ తీసుకుపోయాను. గనిలో పేలుడు పెట్టేముందు సైరన్‌తో ఎన్ని కూతలు వేస్తారు, ఏ కూతకు ఎటు పరుగెత్తాలి అన్నది చెప్పడానికి పెట్టిన సభ. మాట్లాడుతున్నది ఓబులేసు అనే మేస్త్రీ. రెండు మాటలు మాట్లాడి ఆపేసి, వేదిక దిగి నా దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, నేను మూడు కూతలంటే వాళ్లకు ఆరు కూతలు ఇనపడ్తాండాయి. ఆ ఊగులాట తీసెయ్" అన్నాడు.

"అది మిషన్ పద్ధతి అన్నా. తీస్తే సౌండు చప్పగా ఉంటాది" అన్నాను.

ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, మైకు బల్ల మీద పెట్టేసి, జనం మధ్యలోకి పోయి ఒట్టి గొంతుతో అరిచి చెప్పాడు. అందరికీ అర్థమైంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. సౌండ్ విలువ తెలియని గనివాడని చాలా ఏళ్లు ఆ సంగతి నలుగురికీ జోకుగా చెప్పి నవ్వించాను. ఆ రోజు ఆయన నాకు ఉచితంగా పాఠం చెప్పాడు. నేను తీసుకోలేదు. ఈ పనిలో చెవి ఉంటే చాలదు, అవతలివాడు చెప్పింది చెవిన వేసుకోవాలి.

ఖాళీ క్లబ్బు, ఆలస్యమైన పెళ్లికొడుకు

మా ఊళ్లో పాత క్లబ్బు ఒకటి ఉంది. ఒకప్పుడు ఆఫీసర్లు, వకీళ్లు, కాంట్రాక్టర్లు సాయంత్రాలు అక్కడే గడిపేవారు. పేకాట ఆగిపోయాక జనం పలచబడ్డారు. షటిల్ ఆడేవాళ్లు నలుగురైదుగురు మిగిలారు. సెక్రటరీ ప్రభాకర్ సార్, ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. హాలుకు తాళం పడుతుందేమోనని ఆయనకు దిగులు.

ఆయన దగ్గరికి డేవిడ్ అనే అతను వెళ్లి, శనివారం సాయంత్రాలు హాలు ఇవ్వమని అడిగాడు. డేవిడ్ చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు, వారమంతా సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. జాజ్, హిప్ హాప్ కలిపి లైవ్‌లో చేస్తామన్నాడు. సార్‌కు ఆ రెంటిలో ఏదీ తెలియదు. "గొడవ లేకుండా తొమ్మిదికల్లా ముగించేదైతే ఏదైనా చేసుకోండి" అన్నాడు. సౌండుకు నన్ను పిలిచారు.

జాజ్ వాయించేది హుసేనప్ప. ఆదోని పక్క పల్లెటూరివాడు, నా ఈడువాడే. బతుకంతా పెళ్లి ఊరేగింపుల్లో సాక్సఫోన్ వాయించాడు. కాగితం చూసి వాయించడం రాదు. కానీ ఊరేగింపులో పాట అయిపోయినా ఊరేగింపు అయిపోదు కదా. పెళ్లికొడుకు గుడి దగ్గర ఆగుతాడు, బంధువుల ఇంటి ముందు ఆగుతాడు, ఫోటోలకు ఆగుతాడు. అంతసేపూ హుసేనప్ప అదే పాటను తిప్పి, మలిచి, కొత్త దారులు పట్టించి, మళ్లీ ఇల్లు చేర్చేవాడు. డేవిడ్ తన ఫోన్‌లో ఎక్కడివో జాజ్ రికార్డులు వినిపిస్తే, హుసేనప్ప కళ్లు మూసుకుని విని, "ఏమప్పా, ఈళ్లకూ పెండ్లికొడుకు ఆలస్యంగా వచ్చినాడా?" అన్నాడట. ఆ మాటతోనే ఇతను జాజ్ వాయించగలడని డేవిడ్‌కు తెలిసిపోయింది.

హిప్ హాప్‌లో ర్యాప్, అంటే దరువుకు తగ్గట్టు మాటలు చెప్పేది జ్యోతి. ఎమ్మిగనూరు చేనేత కుటుంబం. కర్నూలులో హాస్టల్లో ఉంటూ ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. చూడ్డానికి నెమ్మదైన పిల్ల. మైకు పట్టుకుంటే వేరే మనిషి.

మొదటి శనివారం పద్నాలుగు మంది వచ్చారు. అందులో నలుగురు షటిల్ ఆడటానికి వచ్చి ఆగినవాళ్లు. ఇప్పుడు కడప నుంచి, రాజంపేట నుంచి పిల్లలు బస్సెక్కి వస్తున్నారు. హాలు చాలక కిటికీల దగ్గర నిలబడుతున్నారు. కానీ ఆరో శనివారం తర్వాత అదంతా ఆగిపోవలసింది. ఆపబోయింది నేనే.

రంగన్న విన్న శనివారం

ఆ వారం జ్యోతి నా దుకాణానికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నాయిన శనివారం వస్తాండాడు పెద్దనాయినా. క్లబ్బులో మైకు పట్టుకొని అరుస్తాండానని ఎవురో చెప్పినారంట. వచ్చి ఇంటాడంట. ఇన్నాక సరే అనిపిస్తే సరే. లేకుంటే ఉద్యోగం మానిపించి ఊరికి పిల్చుకపోతాడంట."

"అట్లంటాడా?"

"మా నాయిన అన్నాడంటే అన్నట్లే. నా మాట బాగా ఇనపడేటట్లు సూడు పెద్దనాయినా. అది సాలు నాకు."

"నువ్వు సూస్తా ఉండు" అన్నాను.

నేను చేసింది చెబుతాను, నవ్వకండి. పిల్ల తండ్రి వస్తున్నాడు, ఆయనకు మర్యాద చెయ్యాలి కదా. మాకు మర్యాద అంటే సౌండే. ఇంకో రెండు పెద్ద బాక్సులు తెప్పించాను. ఎకో మీటను ఎర్ర చుక్క దాటించి ఇంకొంచెం పైకి తిప్పాను. టెంకాయ కూడా పెద్దది కొట్టాను.

హాలు రేకుల కప్పుది. బాక్సులు మోగుతుంటే రేకులు కూడా వంత పాడాయి. డేవిడ్ డ్రమ్స్ గుండెల మీద దరువేసినట్టు వినిపించాయి. హుసేనప్ప సాక్సఫోన్ అన్నిటికీ పైన తేలింది. జ్యోతి ఒళ్లు మరిచి చెప్పింది. జనం ఈలలు వేశారు. ఇంత బాగా నేను ఎప్పుడూ చెయ్యలేదని నాకు నేనే అనుకున్నాను.

జ్యోతి తండ్రి రంగన్న బక్కపలచని మనిషి, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. అయిపోయాక నేరుగా నా దగ్గరికి వచ్చాడు. పొగుడుతాడనుకుని లేచి నిలబడ్డాను.

"ఏమప్పా, నా బిడ్డ ఏం చెప్పింది?" అని అడిగాడు.

"అంటే?"

"అంత సేపు చెప్పింది గదా. ఏం చెప్పింది? నాకు ఒక్క ముక్క తెలీలే. నువ్వు చెప్పు."

"నాకూ తెలీదన్నా" అన్నాను. ఆరు వారాలుగా ఆ పిల్ల గొంతును మిక్సర్ మీద లైట్లు చూసి సరిచేస్తున్నాను గానీ, ఆమె ఏం చెబుతోందో నేనూ వినలేదు. ఆ క్షణంలో పడిన సిగ్గు ముప్పై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ పడలేదు.

"మైకు పెట్టినోనివి, నీకే తెలీకపోతే నాకెట్ల తెలుస్తాది? ఉత్త అరుపుకు ఆడపిల్ల నలుగురిలో నిలబడే పనేముండాది?" అన్నాడు రంగన్న. గొంతు పెంచలేదు. వేదిక దిగి వచ్చిన కూతురి వైపు తిరిగి, "పొద్దున బస్సుకు పోదాం" అన్నాడు.

జ్యోతి చేతిలో మైకు నా ముందు పెట్టి, తండ్రి వెంట నడిచింది.

మగ్గం ఇంట్లో

మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. హుసేనప్ప ఫోన్ చేసి, "పాప లేకుండా నేనెందుకప్పా? పెండ్లిళ్లకు పోతా" అన్నాడు. డేవిడ్ క్లబ్బుకు తాళం చెవి తిరిగి ఇచ్చేద్దామన్నాడు. ఇచ్చేది లేదన్నాను. మంగళవారం పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కాను.

రంగన్న ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద ఆయన, ఇంకోదాని మీద ఆయన తమ్ముడు. జ్యోతి గోడవారగా రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ఆమె తల్లి జ్యోతి చిన్నప్పుడే పోయింది. గోడ మీద ఆమె ఫోటో ఉంది. రెండు మగ్గాల చప్పుడుకు ఇల్లంతా అదురుతోంది.

నేను గుమ్మంలో నిలబడి, "రంగన్నా, తప్పు పాపది కాదు, నాది" అని గట్టిగా అన్నాను. ఆయన తలెత్తలేదు. ఇంకా గట్టిగా అన్నాను. వినబడలేదు. ఎన్నో సభల్ని గొంతుతో అదిలించినవాణ్ని, అక్కడ నా మాట గడప దాటలేదు.

అంతలో జ్యోతి తల ఎత్తకుండానే, మామూలు గొంతుతో, "నాయినా, ఈన వచ్చినాడు" అంది. రంగన్న వెంటనే, "కూర్చోమను" అన్నాడు. తమ్ముడు ఏదో అడిగాడు, రంగన్న జవాబిచ్చాడు. ఎవరూ గొంతు పెంచలేదు. అయినా ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్క పోకుండా వినబడుతోంది. నేను నోరు వెళ్లబెట్టి చూస్తున్నాను.

జ్యోతి నవ్వింది. "దెబ్బ మీద మాటాడితే ఎవురికీ ఇనపడదు పెద్దనాయినా. దెబ్బకూ దెబ్బకూ మధ్యలో చెప్పల్ల. చిన్నప్పటి నుంచి మేము అట్లే మాటాడుకుంటాము."

అప్పుడు విన్నాను. మగ్గం ఒక దెబ్బ వేస్తుంది. తర్వాత చిన్న ఖాళీ. మళ్లీ దెబ్బ. ఆ ఖాళీలో ఈ ఇంటివాళ్లు బతుకంతా మాట్లాడుకున్నారు. పొట్టి మాటలు, ముక్కలు ముక్కలుగా, సరిగ్గా సందులో పడేటట్టు. జ్యోతి ర్యాప్ ఎక్కడా నేర్చుకోలేదు. ఈ ఇంట్లో మాట్లాడటం నేర్చుకుంది, అంతే. అలాంటి ఖాళీలను నేను ఎకోతో పూడ్చేశాను. ఒక మాట తోక ఇంకో మాట మీద పడి, ఆ మాట ఇంకోదాని మీద పడి, అంతా ముద్దయిపోయింది. ఓబులేసు మేస్త్రీ చెప్పింది కూడా ఇదే.

ఒక దెబ్బ పడేదాకా ఆగాను. "తప్పు నాది." ఇంకో దెబ్బ. "పాప మాట మింగేసినా." ఇంకోటి. "ఇంకొక్కసారి ఇను."

రంగన్న మగ్గం ఆపాడు.

"తప్పు ఒప్పుకునేదానికి బస్సెక్కి ఇంత దూరం వచ్చినావు. సరే. ల్యాబులో దానికి లీవు ఈ వారమంతా ఉండాది. శనివారం ఒక్కటే. మళ్లా నన్ను అడగొద్దు" అని మగ్గం అందుకున్నాడు.

జంపఖానాలు

గురువారం నుంచి క్లబ్బులోనే ఉన్నాను. మొదట పెద్ద బాక్సులు నాలుగూ తీసేశాను. చిన్నవి రెండే ఉంచి, రేకుల వైపు కాకుండా జనం మీదికి వంచాను. ఎకో మీటను సున్నాకు తిప్పి, అది పొరపాటున కూడా తిరగకుండా మీద టేపు అంటించాను. అయినా హాలు తన ఎకో తాను చేస్తోంది. టెంటు హౌసు నుంచి జంపఖానాలు తెప్పించి, నిచ్చెనెక్కి నాలుగు గోడలకూ వేలాడదీశాను. డేవిడ్ కింద నిచ్చెన పట్టుకుని, "పడ్తావన్నా, నేనెక్కుతా దిగు" అని ఒకటే గొడవ. దిగలేదు. తప్పు చేసింది నేను, ఎక్కవలసింది కూడా నేనే.

శుక్రవారం జ్యోతి వచ్చింది, రిహార్సల్ పెట్టాం. డేవిడ్‌కు మగ్గం సంగతి చెప్పాను. అతని డ్రమ్ దెబ్బలు సగం పిల్ల మాటల మీదే పడుతున్నాయి. కొన్ని దెబ్బలు వదిలెయ్యమంటే బాధపడ్డాడు. వాయించేవాడికి వాయించకుండా ఉండటం అన్నిటికన్నా కష్టమైన పని. హుసేనప్ప మాత్రం చటుక్కున ఒప్పుకున్నాడు. "పాప మాటాడేటప్పుడు నేను ఊపిరి తీసుకుంటాలే. నాకూ అరవై వచ్చినాయి, ఊపిరి కావల్ల గదా" అన్నాడు.

శనివారం సాయంత్రం ప్రభాకర్ సార్ వచ్చి హాలు చూసి మండిపడ్డాడు.

"ఏంది శీనా ఇది? గోడలకు జంపఖానాలేంది? పెద్ద బాక్సులు యాడపోయినాయి? ఇప్పుడిప్పుడే జనం వస్తున్నారు. రోడ్డు మీదికి వినపడకపోతే క్లబ్బులో ప్రోగ్రాం ఉందని ఎవరికి తెలుస్తుంది?"

"తెలీకపోతే తెలీకపోనీ సార్."

"నేను సెక్రటరీని. బాక్సులు పెట్టించమంటున్నాను."

"మీరు సెక్రటరీనే సార్. ఈ పొద్దు మిక్సర్ మీద చెయ్యి మాత్రం నాది. వద్దంటే ఇప్పుడే తీగలు చుట్టుకుంటా. ఉండమంటే ఇట్లే ఉంటాది."

మనిషి మంచివాడే, కానీ ఇంజనీరు కదా, ఎదురు చెబితే పడదు. చాలాసేపు గొణిగి, చివరికి మొదటి వరసలో పోయి కూర్చున్నాడు. పై అధికారితో ఎప్పుడు వాదించాలి అని పిల్లలు అడుగుతుంటారు. మీ పని మీకు తెలిసినప్పుడు వాదించండి. అంతకుముందు ముప్పై ఏడేళ్లు నేను వాదించలేదు, ఎందుకంటే నా పని నాకు తెలియదు.

మూడో వరస

హాలు నిండింది. రంగన్న మూడో వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మొదలైన రెండు నిమిషాలకే వెనక నుంచి కేకలు. "సౌండు పెంచన్నా!" "మైకు పోయిందా?" నా చెయ్యి దానంతట అదే మీట మీదికి పోతోంది. ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు మరి. ఆ చెయ్యిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.

కేకలేసినవాళ్లు ఇంకో దారి లేక నోరు మూసుకుని ముందుకు వంగారు. వినాలంటే వంగాలి కదా. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. డేవిడ్ ఒక దెబ్బ వేసి వదిలాడు. ఆ సందులో జ్యోతి గొంతు, ఏ తోకా లేకుండా, మన పక్కన కూర్చుని మాట్లాడినట్టు వచ్చింది.

"పొద్దున మగ్గం, మాపున మగ్గం,
నడుమ నాయిన గొంతు.
దెబ్బకు దెబ్బకు సందున దూరి
మాటాడ నేర్చిన దాన్ని."

మొదటిసారి నేనూ విన్నాను. నా పని మానేసి విన్నాను. హుసేనప్ప ఆమె ఆపిన చోట అందుకుని, ఆ నాలుగు ముక్కలనే తిప్పి తిప్పి, ఎక్కడెక్కడికో తీసుకుపోయి, తిరిగి తెచ్చి పిల్ల చేతిలో పెట్టాడు. ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

"సందెపూట వీధిలో మాయమ్మ నూలుకు గంజి పెట్టె,
దారం మీద ఎర్రెండ జారె."

నేను రంగన్న ముఖం చూస్తున్నాను. ఆ మాటకు ఆయన నొసలు ముడిపడింది. ఇంత చేసినా కుదరలేదు, పిల్ల ఊరికి పోయినట్టే అనుకున్నాను.

అయిపోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ప్రభాకర్ సార్ కూడా కొడుతున్నాడు. రంగన్న మాత్రం కొట్టలేదు. జనాన్ని తోసుకుంటూ మిక్సర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. జ్యోతి వేదిక దిగి, మైకు చేతిలో పట్టుకునే పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మే, గంజి మాట తప్పు" అన్నాడు రంగన్న.

"ఏం తప్పు నాయినా?"

"సందెపూట గంజి ఎవురు పెడ్తారు? ఎండ తగిలితే దారం బిరుసెక్కి తెగుతాది. మీయమ్మ కోడి కూసే యాళకే వీధిలో పడుగు దారాలు పరిసి గంజి పెట్టేది. పొద్దు పొడిసేలోపల ఎత్తేసేది. నువ్వు లేసే పొద్దుకు పని అయిపోయేది. అందుకే నీకు తెలీదు."

"నేను ఎప్పుడూ సూడలేదా నాయినా?" అంది జ్యోతి.

"ఎప్పుడూ సూడలే. నిద్రపోతా ఉంటివి. లేపొద్దనేది." ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "తప్పు మాట నలుగురిలో చెప్పొద్దు. సరిచేసి వచ్చే శనివారం చెప్పు. నేనొచ్చి ఇంటా."

నా సౌండు బాగుందని చెప్పినవాళ్లు ఈ ముప్పై ఎనిమిదేళ్లలో లెక్కలేనంత మంది. నా మైకులోంచి వచ్చిన మాట పట్టుకుని, అది తప్పని చెప్పినవాడు రంగన్న ఒక్కడే. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

జ్యోతి మైకు నా చేతికిచ్చి కళ్లు తుడుచుకుంది. పక్కన ఖాళీ బాక్సు ఒకటి ఉంటే తండ్రిని దాని మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుంది.

"నేను లేసేలోపల అమ్మ ఇంకా ఏమేం చేసేది నాయినా?"

రంగన్న చెప్పడం మొదలుపెట్టాడు. చాలా మెల్లగా చెబుతున్నాడు. ఆంప్లిఫయర్ల గుయ్యిమనే రొద కూడా అడ్డం రాకూడదని, వెళ్లి సెట్ మెయిన్ స్విచ్ ఆపేశాను.